భద్రమో కాదో చెప్పాల్సింది మనం కాదు

ఆలిస్ స్ప్రింగ్స్‌లో ఉద్యోగం వచ్చిందని చెప్పగానే మన తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో వచ్చే మొదటి సలహా, చీకటి పడ్డాక బయట తిరగొద్దని. రెండోది, వాళ్ళతో జాగ్రత్త అని. వాళ్ళంటే ఎవరో చెప్పినవాళ్ళూ లేరు, అడిగినవాళ్ళూ లేరు. నర్సులుగా, వృద్ధాశ్రమాల్లో కేరర్లుగా, వికలాంగులకు సపోర్ట్ వర్కర్లుగా ఆస్ట్రేలియా నార్తర్న్ టెరిటరీకి మన పిల్లలు చాలామందే వస్తున్నారు. రీజనల్ వీసా మీద వెళ్తే పీఆర్ సులువని కన్సల్టెన్సీ వాళ్ళు నూరిపోస్తారు. ఆ టెరిటరీ జనాభాలో దాదాపు 30 శాతం అబోరిజినల్ ప్రజలని, ఆస్పత్రి మంచాల మీద, డయాలిసిస్ కుర్చీల్లో ఎక్కువగా కనబడేది వాళ్ళేనని మాత్రం చెప్పరు.

మాది ఇల్లందు. హైదరాబాదులో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో డయాలిసిస్ పని నేర్చుకున్నాను. చాలా ఏళ్ళుగా ఇక్కడా అదే పని. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. మారుమూల అబోరిజినల్ ఊళ్ళకు వైద్యం పంపుతున్నాం, సాయం పంపుతున్నాం అనే ప్రభుత్వాలు పెత్తనం కూడా ఆ ఊళ్ళకే ఇవ్వాలి. డబ్బు ఎలా ఖర్చు పెట్టాలి, ఎవర్ని ఉద్యోగంలో పెట్టుకోవాలి, ఏ రోజు ఎవరికి వైద్యం అన్నది వాళ్ళే తేల్చుకోవాలి. అది తప్పించి మిగతావన్నీ చేస్తున్నారు కాబట్టే ఈ అవస్థ.

‘సాంస్కృతిక భద్రత’ అన్న మాట ఇక్కడ ప్రతి ఆఫీసు గోడ మీదా ఉంటుంది. ఆ ఆలోచనకు రూపమిచ్చింది న్యూజిలాండ్‌లో ఇరిహపేటి రామ్స్‌డెన్ అనే మావోరీ నర్సు, 1980ల చివర్లో. రోగి పట్ల మనం మర్యాదగా ఉన్నామా లేదా అన్నది మన అభిప్రాయంతో తేలేది కాదని, వైద్యం చేయించుకున్న మనిషే చెప్పాలని ఆమె వాదం. 2018లో ఆస్ట్రేలియా నర్సుల ప్రవర్తనా నియమావళిలో ఈ మాట చేరింది, 2022లో వైద్యసిబ్బంది జాతీయ చట్టంలోకీ ఎక్కింది. చట్టంలోకి ఎక్కగానే ఆఫీసులు దాన్ని ఆన్‌లైన్ పాఠంగా మార్చేశాయి. వీడియో చూడాలి, చివర్లో ప్రశ్నలకు జవాబులు నొక్కాలి, సర్టిఫికెట్ ప్రింటు తీసుకోవాలి. రామ్స్‌డెన్ చెప్పినదానికి పూర్తిగా తలకిందులు. పరీక్ష రాసేది మనం, పాసయ్యేది మనం, రోగిని అడిగేవాళ్ళే లేరు.

యూనిట్లో ఏం జరుగుతుందో చెబితే నా మాట అర్థమవుతుంది. డయాలిసిస్‌కి వారానికి మూడుసార్లు రావాలి, వచ్చినప్పుడల్లా నాలుగైదు గంటలు కుర్చీలోనే. చేతిలో రెండు లావుపాటి సూదులు, పక్కన మిషన్, ఆ పక్కన ఇంకో కుర్చీ. ఒకరోజు ఒక నడివయసు మనిషి వచ్చాడు, బరువు చూసుకున్నాడు, తన కుర్చీ వైపు రెండడుగులు వేశాడు, అక్కడే ఆగిపోయాడు. తల వంచుకుని గోడ వైపు తిరిగి, మాట్లాడకుండా బయటికి వెళ్ళిపోయాడు. ఫైల్లో ‘వైద్యం నిరాకరించాడు’ అని రాసేశారు. పక్క కుర్చీలో ఉన్నది అతనికి అత్త వరస అయిన మనిషి. మన ఇళ్ళలో అల్లుడొస్తే అత్తగారు కాఫీ పట్టుకుని ఎదురొస్తుంది. ఎడారి జాతుల్లో అల్లుడు, అత్త ఒకరినొకరు చూసుకోకూడదు, మాట్లాడుకోకూడదు, ఒకచోట కూర్చోకూడదు. అదంతా గౌరవమే. ఆ గౌరవం కాపాడుకోవడానికి అతను ఒంట్లో నీరు చేరినా సరేనని వెళ్ళిపోయాడు.

మాతో పనిచేసే అబోరిజినల్ హెల్త్ వర్కర్ ఒకావిడ ఉంది. పెద్దావిడ, కీళ్ళ నొప్పులతో మెల్లగా నడుస్తుంది. మర్నాడు వచ్చి తెల్లబోర్డు ముందు నిలబడింది. బోర్డు మీద కుర్చీలవారీగా పేర్ల మాగ్నెట్లు ఉంటాయి. కాసేపు చూసింది, ఒక మాగ్నెట్ తీసి పొద్దుటి షిఫ్టులోంచి మధ్యాహ్నానికి జరిపింది, ఇంకోటి కిటికీ వైపు పెట్టింది. ఆ తర్వాత ఆ మనిషి క్రమం తప్పకుండా వచ్చాడు. ఎవరికి ఎవరు ఏమవుతారో ఆవిడకి పుట్టినప్పటినుంచీ తెలుసు. మాకు ఎన్ని వీడియోలు చూపించినా తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు, ఆవిడ చేతిలో బోర్డు పెడితే చాలు. కానీ ఉద్యోగాల మెట్లలో ఆవిడది మా కన్నా కింది మెట్టు. రోస్టర్ ఖరారు చేసే సమావేశానికి ఆవిడకి పిలుపు ఉండదు.

ఇంకో సంగతి. సూది గుచ్చే ముందు పూర్తిపేరు, పుట్టినతేదీ రోగి నోటితోనే చెప్పించాలన్నది ప్రతి ఆస్పత్రిలోనూ నియమం. మంచి నియమమే, ఒకరి మందు ఇంకొకరికి పడకుండా ఉండటానికి. సెంట్రల్ ఆస్ట్రేలియాలో మనిషి చనిపోతే ఆ పేరు పలకరు. అదే పేరున్న బతికివున్నవాళ్ళు కూడా కొంతకాలం ఆ పేరు వదిలేస్తారు, వార్ల్‌పిరి జాతివాళ్ళలో అయితే వాళ్ళని కుమాన్‌జాయి అని పిలుస్తారు. ఇప్పుడు కొత్తగా వచ్చిన నర్సు, వినయంగానే, ‘మీ పేరు చెప్పండి’ అని నిలబడుతుంది. ఎదురుగా ఉన్నావిడ నేల చూపులు చూస్తుంది. నర్సు గొంతు పెంచి మళ్ళీ అడుగుతుంది, చెవుడేమో అనుకుని. పరిష్కారం పెద్ద కష్టం కాదు. కార్డు మీద రాసి చూపించి ఇది మీదేనా అని అడగొచ్చు, ఫొటో పెట్టుకోవచ్చు. అలా అడగొచ్చని నియమంలో ఒక వాక్యం చేర్పించడానికి మాత్రం ఏ కమిటీకి వెళ్ళాలో ఎవరికీ తెలియదు.

చుట్టరికాల విషయంలో మాత్రం మన తెలుగువాళ్ళు తెల్లవాళ్ళకన్నా ఒక అడుగు ముందుంటారు. ఒకావిడ డయాలిసిస్ మానేసి ఊరెళ్ళింది, అమ్మ చనిపోయిందని. నిరుడు కూడా అమ్మే చనిపోయిందని చెప్పిందిగా అని ఆఫీసులో నవ్వుకున్నారు. నాకు నవ్వు రాలేదు. పెద్దమ్మ, చిన్నమ్మ, పెదనాన్న, చిన్నాన్న అంటూ పెరిగినదాన్ని. అమ్మ అక్కచెల్లెళ్ళందరూ అమ్మలే, నాన్న అన్నదమ్ములందరూ నాన్నలే అయిన సమాజంలో ఫారం మీద ‘తల్లి’ అని ఒకే గడి ఉంటే అబద్ధం చెబుతున్నది ఫారమే. మేనరికాలు, వావివరసలు లెక్కపెట్టుకునే ఊళ్ళనుంచి వచ్చినవాళ్ళం, ఇది అర్థం చేసుకోవడం మనకి కష్టం కాకూడదు. అర్థం చేసుకుంటే చేయాల్సింది కూడా ఉంది. చావు కబురు రాగానే వెళ్ళేముందు ఒక డయాలిసిస్ చేసి, పొటాషియం దించే పొడి ఇచ్చి, తిరిగొచ్చే రోజుకి కుర్చీ ఖాళీగా ఉంచాలి. అప్పుడు ఆవిడ చావుకీ వెళ్తుంది, బతికీ వస్తుంది.

భాష సంగతి ఇక చెప్పక్కర్లేదు. డాక్టరు అడిగిన ప్రతిదానికీ పింటుపి జాతి ముసలమ్మ ‘యువ’ అంటుంది. అవునని. అర్థమైందా, యువ. మందులు వేసుకుంటున్నావా, యువ. ఆపరేషన్ వద్దా, యువ. పెద్దమనిషి ముఖం మీద కాదనడం మర్యాద కాదు గనక. యోల్ంగు జాతి కిడ్నీ రోగుల మీద 2002లో వచ్చిన అధ్యయనం ఒకటి ఉంది. సిబ్బందీ రోగులూ ఒకరి మాట ఒకరికి అందటం లేదన్న సంగతే ఇద్దరికీ చాలాసార్లు తెలియలేదని అందులో తేలింది. టెరిటరీలో అబోరిజినల్ దుబాసీల సేవ 2000 నుంచీ ఉంది. ఫోన్ చేస్తే వస్తారు. చేసేవాళ్ళు తక్కువ, టైము లేదంటారు.

ఇదంతా విని, అయితే ఊరివాళ్ళే నడుపుకుంటే బాగుపడుతుందా అని అడిగేవాళ్ళకి నేను కింటోర్ కథ చెబుతాను.

కింటోర్ ఆలిస్ స్ప్రింగ్స్‌కి పడమరగా 530 కిలోమీటర్లు. ఎర్ర మట్టిరోడ్డు, వాన పడితే అదీ ఉండదు. ఇంకా పడమరకి వెళ్తే కివిర్‌కురా. పింటుపి వాళ్ళ ఊళ్ళివి. మధుమేహం, చిన్నప్పటి చర్మవ్యాధులు, తక్కువ బరువుతో పుట్టడం, అన్నీ కలిసి అక్కడ కిడ్నీలు తొందరగా పాడవుతాయి. 2000కి ముందు కిడ్నీలు పోయినవాళ్ళకి ఒకటే దారి. ఇల్లూ వాకిలీ వదిలి ఆలిస్ స్ప్రింగ్స్ వచ్చి, బతికినంతకాలం అక్కడే ఉండాలి. కొందరు వాగు ఇసకలో పడుకునేవాళ్ళు. కొందరు డయాలిసిస్ మానేసి ఇంటికెళ్ళి చనిపోయేవాళ్ళు. పోయేది పెద్దలు. పాటలు తెలిసినవాళ్ళు, నేల గురించి తెలిసినవాళ్ళు, పిల్లలకి నేర్పాల్సినవాళ్ళు. ఊళ్ళోనే మిషన్ పెట్టండని అడిగితే, ఎడారిలో కుదరదు, ఖర్చెక్కువ అన్నారు.

అప్పుడు వాళ్ళు బొమ్మలు గీశారు. పింటుపి చిత్రకారులు మామూలువాళ్ళు కాదు, పాపున్యా తులా అన్న వాళ్ళ సంస్థ పేరు ప్రపంచంలో కళ కొనేవాళ్ళందరికీ తెలుసు. కింటోర్ మగవాళ్ళు ఒకటి, ఆడవాళ్ళు ఒకటి, కివిర్‌కురా మగవాళ్ళు ఒకటి, ఆడవాళ్ళు ఒకటి, మొత్తం నాలుగు పెద్ద చిత్రాలు అందరూ కలిసి గీశారు. 2000 నవంబరులో సిడ్నీలోని ఆర్ట్ గ్యాలరీ ఆఫ్ న్యూ సౌత్ వేల్స్‌లో వేలం వేశారు. ఇతరులిచ్చినవీ కలుపుకుని 10 లక్షల డాలర్లకు పైగా వచ్చింది. ఆ డబ్బుతో సొంత సంస్థ పెట్టుకున్నారు. 2004లో కింటోర్‌లో మిషన్ తిరిగింది. ఇప్పుడు ఆ సంస్థని అందరూ పర్పుల్ హౌస్ అంటారు. 20 దాకా మారుమూల ఊళ్ళలో యూనిట్లు, డయాలిసిస్ కుర్చీలు పెట్టుకుని తిరిగే ఊదారంగు ట్రక్కు ఒకటి. చావుకో, ఆటలపోటీకో, కళాప్రదర్శనకో రోగులు వెళ్తే ట్రక్కూ వెళ్తుంది. డైరెక్టర్లు అబోరిజినల్ వాళ్ళే, రోగులూ రోగుల బంధువులూ.

ఆలిస్ స్ప్రింగ్స్‌లో పర్పుల్ హౌస్ పెరట్లో మంట వేసి కంగారూ తోకలు కాలుస్తారు. నాకు తినడం అలవాటు కాలేదు, వాసన మాత్రం అలవాటైంది. కిడ్నీ రోగులకి ఉప్పు, ఫాస్ఫేట్ అంటూ తిండి మీద ఆంక్షలు చెప్పే మనిషిని నేను. అయినా ఆ మంట చుట్టూ కూర్చున్నవాళ్ళు తర్వాత సెషన్‌కి మానకుండా వస్తారని ఒప్పుకోక తప్పదు. ఏ డైట్ చార్టూ ఇంతవరకు ఆ పని చెయ్యలేదు.

వాళ్ళు చేసి చూపించాకే ప్రభుత్వం కదిలింది. మారుమూల ఊళ్ళలో నర్సులు, అబోరిజినల్ హెల్త్ ప్రాక్టీషనర్లు చేసే డయాలిసిస్‌కి 2018 నవంబరు నుంచి ప్రభుత్వ ఆరోగ్యబీమా మెడికేర్ డబ్బు చెల్లిస్తోంది. వేలం జరిగిన 18 ఏళ్ళకి. ప్రభుత్వాల పద్ధతే అంత, ముందు కుదరదంటారు, కుదిరాక ఫొటోకి వస్తారు.

యుఎన్‌డుములోనూ ఇలాంటిదే జరిగింది. ఆలిస్ స్ప్రింగ్స్‌కి వాయవ్యంగా 300 కిలోమీటర్ల లోపే ఉన్న వార్ల్‌పిరి ఊరు అది. 1990లలో పిల్లలు డబ్బాల్లో పెట్రోలు పోసుకుని పీల్చి మెదడు పాడుచేసుకుంటుంటే, 1994లో ఊరి పెద్దలే వాళ్ళని తీసుకెళ్ళి మౌంట్ థియో అనే మారుమూల చోట తమ దగ్గర పెట్టుకున్నారు. పారిపోవడానికి దగ్గర్లో ఊరే లేదు. వేట, పాటలు, ముసలివాళ్ళ చీవాట్లు. అటు ఊళ్ళో ఆటలు, యువజన కార్యక్రమాలు. కొన్నేళ్ళలో యుఎన్‌డుములో పెట్రోలు పీల్చడం దాదాపు పోయింది.

ఇప్పుడు రెండోవైపు చూడండి. 2007 జూన్‌లో పిల్లల మీద అఘాయిత్యాల గురించి వచ్చిన ఒక నివేదికను కారణంగా చూపి, అప్పటి ప్రధాని హోవర్డ్ ప్రభుత్వం టెరిటరీలోని 73 ఊళ్ళ మీదికి సైన్యంతో, డాక్టర్లతో, అధికారులతో దిగింది. జాతివివక్ష చట్టాన్ని పక్కన పెట్టారు. ప్రభుత్వం ఇచ్చే భృతి డబ్బులో సగం ఎక్కడ ఖర్చు పెట్టాలో కూడా అధికారులే చెప్పారు. ఊరి మొదట్లో మద్యం, అశ్లీల చిత్రాలు నిషేధమని నీలం బోర్డులు. ఊళ్ళో అందరూ అదే పని చేస్తున్నట్టు. పిల్లల ఆరోగ్యం చూస్తామని యూనిఫాంలు వస్తే, తమ తరంలో పిల్లల్ని ఎత్తుకుపోయిన ప్రభుత్వాన్ని చూసిన అమ్మమ్మలు ఏమనుకుంటారు? కొందరు పిల్లల్ని తీసుకుని పొదల్లోకి వెళ్ళిపోయారు. ఆ నివేదిక రాసినవాళ్ళు మొదట చెప్పిన మాట, ఊళ్ళతో నిజంగా సంప్రదించి పనిచేయమని. చెయ్యంది అదే.

నర్సుగా నేను మింగలేని సంగతి మరొకటి ఉంది. అది కూడా యుఎన్‌డుములోనే. 2019 నవంబరు 9 రాత్రి అక్కడ ఒక 19 ఏళ్ళ కుర్రాడికి పోలీసు తుపాకి గుళ్ళు తగిలాయి. ఆ ఊళ్ళో పద్ధతి ప్రకారం పేరు రాయను. ఆరోజే క్లినిక్ సిబ్బంది ఊరు వదిలి వెళ్ళారు, తమ క్వార్టర్లలో దొంగతనాలు జరుగుతున్నాయని, భయమేస్తోందని. కుర్రాడు పోలీస్ స్టేషన్‌లో చనిపోయాడు. కాల్చిన అధికారిని జ్యూరీ 2022లో నిర్దోషి అంది, కరోనర్ నివేదిక 2025లో వచ్చింది. ఆ చర్చలోకి నేను వెళ్ళను. వెళ్ళిపోయిన నర్సుల్నీ తప్పుపట్టను. 2016లో మారుమూల ఊళ్ళో ఒక నర్సుని అర్ధరాత్రి పిలిచి చంపేశారు. ఒంటరిగా కాల్‌కి వెళ్ళకూడదని సౌత్ ఆస్ట్రేలియాలో చట్టం వచ్చింది ఆవిడ చావు తర్వాతే. మా భయం వట్టి భయం కాదు. నేననేది ఇది. క్లినిక్‌లో పనిచేసేవాళ్ళంతా బయటివాళ్ళే అయితే, వాళ్ళకి భయమేసిన రోజున క్లినిక్కే ఉండదు. ఊరిమనిషి ఒకరు తాళంచెవితో, జీతంతో, అధికారంతో అక్కడ ఉంటే తలుపైనా తెరుచుకుని ఉంటుంది.

ఊరివాళ్ళకిస్తే డబ్బు వృథా అవుతుందనే వాదన నేను మన తెలుగు ఇళ్ళలోనూ విన్నాను, బిర్యానీ తింటూ. కొన్ని సంస్థలు పాడయ్యాయి, నిజమే. పేషెంటుకి పడే ఖర్చు ఎడారిలో ఎక్కువ, అదీ నిజమే. నర్సులు దొరక్క ఊళ్ళలో కుర్చీలు కొన్నాళ్ళు ఖాళీగా పడుంటాయి. కానీ విమానంలో మంగళవారం దిగి గురువారం వెళ్ళిపోయే నిపుణుల ఖర్చు ఎవరు లెక్కేస్తున్నారు? ఏడాదికో పథకం పేరు మార్చి, ప్రతి జూన్‌లో గ్రాంటు వస్తుందో రాదో తెలియక స్థానిక ఉద్యోగిని పంపేసి, జూలైలో మళ్ళీ ప్రకటన వేస్తే పోయేది కూడా డబ్బే. ఆలిస్ స్ప్రింగ్స్‌లోనే 1973లో పుట్టిన అబోరిజినల్ కాంగ్రెస్ అనే సొంత వైద్యసంస్థ నడుస్తోంది. అంతకన్నా ముందు సిడ్నీలోని రెడ్‌ఫర్న్‌లో 1971లో ఇలాంటిదే మొదలైంది. యాభై ఏళ్ళు దాటినా ఇంకా ప్రయోగం అనడం ఏమిటి?

కాగితం మీద ప్రభుత్వాలూ ఒప్పుకున్నాయి. 2020 నాటి ‘క్లోజింగ్ ద గ్యాప్’ జాతీయ ఒప్పందంలో అబోరిజినల్ సంస్థల్ని బలపరుస్తామని, నిర్ణయాల్లో వాటా ఇస్తామని సంతకాలు పెట్టాయి. 2024లో ప్రొడక్టివిటీ కమిషన్ సమీక్షించి, ప్రభుత్వాలు చాలావరకు మాట నిలబెట్టుకోలేదని కుండబద్దలు కొట్టింది. పార్లమెంటుకు సలహా ఇచ్చే అబోరిజినల్ మండలి కోసం 2023 అక్టోబరులో పెట్టిన రెఫరెండంలో 60 శాతం వద్దన్నారు. మగవాళ్ళలో 8.8 ఏళ్ళు, ఆడవాళ్ళలో 8.1 ఏళ్ళు, 2020-22 లెక్కల్లో అబోరిజినల్ ప్రజల ఆయుర్దాయం మిగతావాళ్ళకన్నా అంత తక్కువ. రెఫరెండం ఓడినా ఆ ఒప్పందం రద్దు కాలేదు, దాన్ని అమలు చెయ్యడానికి ఎవరి ఓటూ అక్కర్లేదు. అయిదేళ్ళకో పదేళ్ళకో ఒకేసారి నిధులు ఊరి సంస్థ ఖాతాలో వెయ్యడం రేపటి బడ్జెట్‌లో చెయ్యగలిగిన పని.

వస్తున్న మన పిల్లలకి నా మాట. రండి. జీతం బాగుంటుంది, ఆకాశం బాగుంటుంది, పప్పులు, చింతపండు దొరుకుతాయి. ఇల్లందు ఆస్పత్రి వరండాలో కోయ ఆడవాళ్ళని ఆలస్యంగా వచ్చారని సిబ్బంది తెలుగులో కసరడం చూస్తూ పెరిగాను నేను. ఆ గొంతు మీలో ఎవరికైనా అలవాటై ఉంటే అక్కడే వదిలేసి రండి. రోగి మాట్లాడకపోతే ఆగండి, నిశ్శబ్దాన్ని ఇంగ్లీషుతో నింపకండి. కళ్ళలోకి గుచ్చి చూడకండి. ఎవరో మిమ్మల్ని నంగాలా అనో జాపాల్‌జారి అనో పిలిచి తమ వరసల్లో చోటిస్తే సెల్ఫీలకి వాడుకోకండి, దానికి బాధ్యతలున్నాయి. ఆ బాధ్యతలేమిటో హెల్త్ వర్కర్‌ని అడగండి, ఆవిడకి టీ పెట్టి మరీ అడగండి.

ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టే ముందు ఏజెన్సీని కూడా అడగండి. ఆ క్లినిక్ బోర్డులో ఊరివాళ్ళు ఎంతమంది ఉన్నారు? హెల్త్ వర్కర్ ఖాళీలు ఎన్నాళ్ళుగా నింపలేదు? దుబాసీకి బడ్జెట్ ఉందా? రాత్రి కాల్‌కి తోడు ఎవరు వస్తారు? ఫోన్లో అవతలివైపు కాసేపు తడబాటు వినబడుతుంది, తర్వాత ఎవరో పైవాళ్ళని కనుక్కుని చెబుతామంటారు. చెప్పేదాకా సంతకం పెట్టకండి. నర్సుల కొరత ఉన్నది వాళ్ళకి, మనకి కాదు.